శంషాబాద్ బస్టాపులో సత్తెమ్మ కేక

సత్తెమ్మ గొంతు జొన్నచేను మంచె మీద పెరిగింది. హిమాయత్ సాగర్ పక్క పల్లెలో చిన్నప్పుడంతా పిట్టల్ని తోలి తోలి తెచ్చుకున్న గొంతు అది. పెళ్లయి శంషాబాద్ వచ్చి, బస్టాపులో సీతాఫలాల గంప దించాక ఆమెకు వేరే బోర్డుతో పనిలేకపోయింది.

"సీతాఫలాలూ... శంషాబాద్ సీతాఫలాలూ!"

బస్సు ఆగేది కాసేపే. ఆలోగా కేక కిటికీలు దాటితేనే బేరం, లేదంటే పండు గంపలోనే మెత్తబడి పాడవుతుంది.

తొంభై ఐదులో పంచాయతీకి కొత్త ఆఫీసరుగా అనంతయ్య దిగాడు. పెద్దమనిషికి చప్పుడు పడదట! బస్టాపులో అరిచి సరుకు అమ్మితే గంప జప్తు అని మైకు పెట్టి మరీ చాటించాడు. ఎదురుగా హోటల్ బోర్డు మాత్రం తాటికాయలంత అక్షరాలతో దర్జాగా నిలబడే ఉంది.

సత్తెమ్మకు ఒళ్లు మండిపోయింది. "బోర్డుకో న్యాయం, నా నోటికో న్యాయమా? ఒర్రకుంటే నా పండ్లు ఎవరు కొంటరు?"

ఆమె దగ్గర రోజూ పండ్లు కొనే వకీలు నరసింహమూర్తిగారు, కోస్తా నుంచి వచ్చి స్థిరపడిన మనిషి, అర్జీ రాసిచ్చారు. "వ్యాపార ప్రకటనకు కూడా వాక్ స్వాతంత్ర్యం ఉందని సుప్రీంకోర్టు మొన్ననే చెప్పిందమ్మా. మీ కేక ప్రకటన కాక మరేమిటి? ఆఫీసరు జవాబిచ్చేదాకా కాస్త ఓపిక పట్టండి," అన్నారు.

పట్టింది పాపం. నోరు మూసుకుని కూర్చుంది. గంప తరగలేదు, ఆమె కంట నీళ్లూ ఆగలేదు.

అయితే ఒక్క సంగతి ఎవరికీ తట్టలేదు. పట్నం నుంచి షాద్‌నగర్ పోయే బస్సుల్లో కునుకు తీసేవాళ్లంతా సత్తెమ్మ కేక వినే లేచి దిగేవాళ్లు. కండక్టర్లు కూడా ఆమె మీదే భారం వేసి, స్టాపు పేరు పిలవడం ఎప్పుడో మానేశారు. ఇప్పుడు కేక లేదు. నిద్రపోయినవాళ్లు నిద్రపోయినట్టే శంషాబాద్ దాటిపోయి కొత్తూరులో తేలుతున్నారు. రోజూ తిట్లే తిట్లు! ఒకరోజు అలా కళ్లు నులుముకుంటూ కొత్తూరులో దిగినవాళ్లలో అనంతయ్య కూడా ఉన్నాడు.

మిట్టమధ్యాహ్నం ఆయన చెమటలు కక్కుతూ తిరుగు బస్సు దిగేసరికి, బస్టాపులో జనం నవ్వాపుకోలేక చచ్చారు. వకీలుగారు ముందుకొచ్చి, "అర్జీకి జవాబిస్తారా, కోర్టులో కలుద్దామా?" అన్నారు.

అనంతయ్య నుదురు తుడుచుకున్నాడు. "చదివిన సారూ. నా ఆర్డర్ నిలవదు, వాపసు తీసుకుంటున్న." గంప వైపు తిరిగాడు. "ఒర్రు సత్తెమ్మా, జర గట్టిగనే ఒర్రు."

"గట్లనే సారూ! ఇగ నువ్వు బేఫికర్‌గ పండుకో, నేను లేపుత."

కొంగు బిగించి కేక వేసింది. అప్పుడే వచ్చి ఆగిన బస్సు కిటికీలన్నింట్లోంచీ చేతులు బయటికొచ్చాయి.