మూడుసార్ల జోగేశ్వరరావుగారు

జోగేశ్వరరావుగారు ఏ ప్రశ్ననూ మూడుసార్లకు తక్కువ అడగరు. తణుకులో ఆయన ఎరువుల కొట్టుకు వెళ్లిన రైతు యూరియా బస్తాకంటే ముందు మూడు ప్రశ్నలు మోయాలి. "కాఫీ తాగుతారాండీ?" "వద్దండి." "పోనీ, సగం?" "వద్దండి." "నిజంగా వద్దాండీ?" ఇంక తాగేస్తేనే సుఖమని అప్పటికి రైతుకు తెలిసిపోతుంది. ఓసారి ఫోను రాంగ్ నంబరు వస్తే, ఆ ముక్కూమొహం తెలియని మనిషిని కూడా భోంచేశారా అని మూడుసార్లూ అడిగాకే పెట్టేశారట.

ఆ కొట్టు మేడమీద గదిలో, 1986లో, రమాదేవి కంప్యూటర్ క్లాసులు పెట్టింది. ఉన్నది ఒక్కటే కంప్యూటర్, అదీ పాత టీవీకి తగిలించినది. ఈ ఆదివారానికి పదిమందైనా చేరకపోతే పెట్టె సర్దుకుని ఇంటికి వచ్చేయమని తునినుంచి వాళ్ల నాన్న ఉత్తరం రాశాడు. అందుకని ఆ రోజు పిల్లల తల్లిదండ్రుల్ని పిలిచి, ఆటలాడే జాయ్‌స్టిక్ వంచితే తెరమీద చుక్క పరిగెత్తడం చూపిద్దామనుకుంది. వంటకు తీరికలేక రెండు వారాలుగా బిస్కెట్లు తింటూ, పుస్తకం చూసి బేసిక్ అనే కంప్యూటర్ భాషలో ప్రోగ్రాం రాస్తోంది. రోజూ మధ్యాహ్నం మెట్లమీద చెప్పుల చప్పుడయ్యేది.

"మేడంగారూ, భోంచేశారా?"

"అయిందండి, బాబాయిగారూ."

"నిజంగా అయిందాండీ?"

"అయిందండి."

"ఏం కూరండీ?"

బిస్కెట్లలోకి కూరేమిటి? సోమవారంనాడు రమాదేవికి చిర్రెత్తుకొచ్చింది. "ఒక్కసారి అడిగితే చాలదాండీ? నాకేమన్నా చెముడా?"

ఆయన ముఖం చిన్నబోయింది. మర్నాటినుంచి ఒక్కసారే అడిగి, "అయిందండి" అనగానే దిగిపోయేవారు. పీడ వదిలిందనుకుంది రమాదేవి. అలా అనుకున్నందుకు ఆ తరవాత ఎన్నో ఏళ్లు తనను తాను తిట్టుకుంది.

శనివారం వచ్చినా చుక్క కదల్లేదు. ప్రోగ్రాం నడపగానే తెరమీద "ఓకే" అని పడి ఆగిపోయేది. ఆ పైన స్టిక్ విరిగేటట్టు వంచినా ఫలితం లేదు. ఏడుపు ఆపుకుంటున్న రమాదేవిని చూసి జోగేశ్వరరావుగారు గుమ్మంలోనే ఆగారు.

"ఏమంటోందండీ అది?"

"స్టిక్ వంగిందా అని చూస్తోందండి. లేదని తెలియగానే ఊరుకుంటోంది."

"ఎన్నిసార్లు అడుగుతోందండీ?"

"ఒక్కసారే."

ఆయన కాస్త నసిగారు. "ఏమీ అనుకోకండి. ఒక్కసారి అడిగితే మనవైపు ఎవరు అవునంటారండీ? మొహమాటం ఉండదూ?"

రమాదేవి ఆయన వంక తెల్లబోయి చూసింది. తరవాత ప్రోగ్రాం చివర ఒక్క వరుస చేర్చింది: వెనక్కి వెళ్లి మళ్లీ అదే ప్రశ్న అడుగు. కంప్యూటర్ అడిగిందే అడగడం మొదలుపెట్టింది. స్టిక్ వంచితే చుక్క ఉరికింది.

ఆదివారం పద్నాలుగుమంది చేరారు. ఆ మాట చెబుదామని కిందికి దిగితే, జోగేశ్వరరావుగారి భార్య అన్నపూర్ణమ్మ బరువైన కారియర్ పట్టుకుని ఇంటికి బయలుదేరుతోంది.

"బాబాయిగారు తినలేదాండీ?"

"ఆయన తినేశారమ్మా. ఇది నీకు. రెండు వారాలుగా రోజూ తెస్తున్నాను. తినలేదని నీ నోటితో అంటే పైకి పంపుదామని ఆయన ఆశ. మూడోసారికైనా అంటావనుకునేవారు. ఇప్పుడు ఒక్కసారే అడగాలటగా."

రమాదేవికి తల కొట్టేసినట్టయింది. తన విసురుకు ఎన్ని పూటల అన్నం చల్లారి తిరిగి వెళ్లిందో తలుచుకుంటే సిగ్గేసింది. గల్లాపెట్టె దగ్గరినుంచి జోగేశ్వరరావుగారు భయంభయంగా నోరు తెరిచారు.

"మేడంగారూ, భోం..."

"లేదండి," అంది రమాదేవి, ఆయన్ని పూర్తిచేయనివ్వకుండా. "నిన్న కూడా లేదండి. మొన్న కూడా లేదండి."