డ్రైవరుగారి పడవ

డ్రైవరుగారు బస్సు దిగి రిటైరైన మరుసటి నెలలోనే ఒక చిన్న పడవ కొన్నారు. ఎందుకని అడిగినవాళ్లకు "కాలవలో సిగ్నళ్లుండవు, అడ్డమొచ్చే గేదెలుండవు" అని చెప్పారు. గేదెల విషయంలో పొరపాటు పడ్డారని తొలిరోజే తేలిపోయింది.

ఆయన భార్య అదే బస్సులో కండక్టరు. ఇద్దరూ కలిసి ఎన్నో ఊళ్లు తిరిగారు గానీ, ఏనాడూ పక్కపక్కన కూర్చున్నది లేదు. ఆ లోటు తీర్చుకోవడానికే ఆయన పడవ కొన్నది. ఆ ఒక్క మాటే ఆమెకు చెప్పలేకపోయారు.

"ఈ వయసులో నేల విడిచి సామెందుకండీ?" అంది కండక్టరమ్మ. అయినా మొగుడి ముచ్చట కాదనలేక ఒక షరతు మీద ఎక్కింది. "మూడోసారి గుద్దారంటే అక్కడే దిగిపోతా. పడవ అమ్మేయాలి."

"గుద్దడమా? నేనా?" అని ఆయన మీసం దువ్వారు.

పడవ వెనకుండే చుక్కానితో ఒక తిరకాసుంది. దాని పిడిని ఎడమకు తోస్తే పడవ కుడికి పోతుంది. అమ్మినవాడు ఈ సంగతి చెబితే ఆయన బుద్ధిగా తలూపారు. తలకెక్కింది గానీ చేతులకెక్కలేదు. తొలి మలుపులో ఎడమకు తిరగాలని పిడిని ఎడమకే లాగారు. పడవ నేరుగా పోయి కుడిగట్టు బురదలో ముక్కు దూర్చింది. అది ఆగేదాకా ఆయన కుడికాలు అడుగుచెక్కను తొక్కుతూనే ఉంది, బ్రేకనుకుని! రెండోసారి గేదెను తప్పించబోయి రేవు మెట్లకు కొట్టారు. బట్టలుతికేవాళ్లు సబ్బు చేతులతోనే పరుగు తీశారు. కండక్టరమ్మ సంచి సర్దుకుని ఒళ్లో పెట్టుకుంది.

ఆ సంచి చూడగానే ఆయనకు షరతు గుర్తొచ్చింది. ఆమె దిగిపోతే పడవుండి ఏం లాభం?

మధ్యాహ్నానికి లాకులొచ్చాయి. నీళ్లాపే తలుపుల మధ్య సందు పడవ పట్టేంతే. పడవ ముక్కు కుడిగోడ వైపు తిరిగింది. కంగారులో ఆయన పిడిని మళ్లీ ఎడమకే లాగారు. గోడ మీదికి వచ్చేస్తోంది. కండక్టరమ్మ సంచి పక్కన పడేసి, ఆయన చేతిని పిడితో సహా కుడికి తోసేసింది. జన్మలో స్టీరింగు పట్టని మనిషి కనక ఆమెకు మరిచిపోవాల్సిన అలవాటంటూ ఏదీ లేదు. సూదిలో దారంలా పడవ లోపలికి దూరింది.

ఆయన తాడు కట్టి, తల దించుకుని ఆమె సంచి అందుకున్నారు.

"ఎక్కడికది?"

"దిగిపోతానన్నావుగా."

"తగిలితేగా దిగడానికి! మీరు లేచి ముందుకెళ్లండి. వెనక సీటెప్పుడూ నాదే."

ఆయన ముందుకెళ్లి, ఆమెకేసి తిరిగి కూర్చున్నారు. సర్వీసంతా ఆమె పనిచేస్తుంటే ఆయన చూసిందే లేదు. వెనకనుంచి "రైట్ రైట్" అన్న గొంతు వినడమే. ఇప్పుడు కళ్లు చికిలించి, పమిట బిగించి, నీళ్లను గదమాయిస్తున్నట్టు కూర్చున్న ఆమెను చూస్తుంటే ఆయనకు సంబరం ఆగలేదు.

"అటు తిరగండి! ముందేమొస్తోందో చూడాలా వద్దా?"

"ఇన్నేళ్లూ ముందుకే చూశాను కదే," అన్నారాయన. "కాసేపు ఇటు చూడనీ."