మంచు కాపలా

అరకు కొండల్లో రహస్యం దాచడానికి నాకంటే గట్టి పెట్టె లేదు. అలాంటి నేను ఒక పొద్దుటిపూట ఒకావిడ కాపురం ముచ్చటను కొండంతటికీ వినిపించిన వైనం చెబుతాను, నవ్వుకోండి.

విశాఖ నుంచి శిరీష అనే పరిశోధకురాలు వచ్చింది. ఆలుమగలు పడకటింటి కోరికలు ఒకరితో ఒకరు ఎలా చెప్పుకుంటారన్నది ఆమె పరిశోధన. ఇక్కడి ఆడవాళ్ల ఇంటిభాష ఆమెకు రాదు, దుబాసీని నేను. తాత వరస కాబట్టి వాళ్లకు నా ముందు సిగ్గు లేదు.

"తాతగారూ, మాట మరొకరి చెవిన పడకూడదు. పడితే చెప్పినావిడ ఊళ్లో తలెత్తుకోలేదు" అంది శిరీష.

"నాకొదిలెయ్యమ్మా" అన్నాను.

ఊళ్లో ఇంటికీ ఇంటికీ తడికే అడ్డు. అందుకని సుక్రి అనే ఆవిడను తెల్లవారగానే కాఫీతోటకు తీసుకెళ్లాను. పేరు మార్చాను లెండి. ఆ మంచు ఏం మంచు! సిల్వర్ ఓక్ చెట్లు మొదళ్లు లేకుండా గాలిలో తేలుతున్నాయి. మిరియాల తీగలు ఎక్కడికి పాకుతున్నాయో వాటికే తెలియదు. పాలకుండలో పడ్డ ఈగల్లా ముగ్గురం కూర్చున్నాం. నా చెయ్యి నాకే కనబడలేదు, ఇంక మమ్మల్నెవరు చూస్తారు?

శిరీష మెల్లగా అడిగింది. నేను మార్చి చెప్పాను. సుక్రి నా చెవిలో ఏదో గొణిగింది.

"ఏటీ? గట్టిగా సెప్పే గుంటా, రికార్డులో పడాలి" అన్నాను.

"అడగడు తాతా. దగ్గరికొచ్చే ముందు నీకిష్టమేనా అని ఒక్కపాలీ అడగడు. అడిగితే బాగుణ్ణని నా ఆశ."

అప్పుడు ఎక్కణ్నుంచో, కలలోంచి వచ్చినట్టు ఒక మగగొంతు:

"అడగొచ్చేటి మరి?"

ఎండ పొడిచింది. మంచు దుప్పటి లాగేసినట్టు జారిపోయింది. కాఫీపళ్ల కోత రోజులని మరిచాను. వరసవరసకీ కూలీలు బుట్టలు పట్టుకుని బొమ్మల్లా నిలబడి ఉన్నారు. ముందు సుక్రి మొగుడు. గోడకు చెవులుంటాయంటారు, మా మంచుకు చెవులతోపాటు బుట్టలూ ఉంటాయి.

సుక్రి లేచింది. "మేడమ్‌కి సెప్పేను. కొండకి సెప్పనేదు."

శిరీష ఆమె కళ్లముందే ఆ రికార్డు తుడిచేసింది. అంత మంచి మాట తన పరిశోధనకు మళ్లీ దొరకలేదట.

అందుకే ఇది అచ్చుకిచ్చే ముందు సుక్రికి చదివి వినిపించాను. "ఇకమీదట మంచును నమ్మి ఎవరి రహస్యానికీ కాపలా ఉండనని ఈ కాఫీకప్పు సాక్షిగా ఒట్టు" అని నేను రాసుకున్న చోట ఆపింది.

"కొండంతా ఏటి తాతా, నలుగురే ఉన్నారు. పేరు మార్చేవు కదా, ఏసుకో. మా ఆయన ఇప్పుడు అడగతన్నాడో నేదో, అది మాత్రం నీకు సెప్పను. తప్పు మంచు మీదకి తోసీకు. నీకు సెవుడు. సెవిలో సెప్పిన మాటని అరిపించింది నువ్వే."