చెప్పినవాళ్ళు పక్కన కూర్చోవాలి

మా పిల్లలకు నాటకాలు నేర్పిన సిస్టర్ గారు పోయారు. నేను ఇంటికి దూరంగా ముసఫ్ఫా పారిశ్రామికవాడలో, ఫ్యాక్టరీ డ్యూటీలో ఉండగా షార్జాలోని మా బిల్డింగ్ గ్రూపులో మెసేజ్ వచ్చింది. గుండెపోటట. నిన్నటిదాకా మెట్లెక్కి దిగిన మనిషి.

మీలో చాలామందికి ఆవిడ తెలియదు. కాకినాడ వైపు నుంచి వచ్చి షార్జాలో ఏళ్ళ తరబడి నర్సుగా చేశారు. సెలవు రోజున అల్ నహ్దాలోని తన ఇంట్లో సోఫాలు గోడకు నెట్టి, పిల్లలను పోగేసి, రోబోల మీద నాటకాలు ఆడించేవారు. ఏ పని రోబోకు అప్పజెప్పాలి, ఏది అప్పజెప్పకూడదు అన్నదే ఎప్పుడూ కథ. నేను మెషీన్లు బాగుచేసేవాణ్ణి కదా, యంత్రానికి నీతులెందుకండీ, స్విచ్చు చాలదా అని ఏడిపించేవాణ్ణి. "నీతులు యంత్రానికి కాదు బ్రదర్, స్విచ్చు వేసేవాళ్ళకి," అనేవారు చిక్కుడుకాయలు తుంచుతూ.

కిందటేడు నాటకంలో మా పాప ఆస్పత్రి రోబో. అట్టపెట్టె తలకు తగిలించుకుని, తాత చనిపోయిన కబురు మనవరాలి వేషం వేసిన పిల్లకు గడగడా చెప్పేసింది. ఆవిడ రిహార్సల్ ఆపేశారు. కోప్పడలేదు. ఒక కుర్చీ తెచ్చి ఆ మనవరాలి పక్కన వేశారు.

"ఈ కబురు మనిషే చెప్పాలమ్మలూ. చెప్పినోళ్ళు పక్కన కూర్చోవాలి. రోబోకి అది రాదు కదా, వెళ్ళి మనిషిని పిలువు."

అప్పటినుంచి పాప డైలాగు మారింది. నాకు తెలుసు కానీ నేను చెప్పను, మనిషిని పిలుస్తాను అనేది. ఎన్నిసార్లు విన్నా ఆవిడ కళ్ళు తుడుచుకునేవారు. వార్డులో ఎంతమంది పక్కన అలా కూర్చుని ఉంటారో.

అందుకే పాపకు నేనే చెప్పాలనుకున్నాను. మా ఆవిడకు మెసేజ్ పెట్టాను: సిస్టర్ గారు పోయారు, పాపకు చెప్పకు, నేనొచ్చి చెప్తా. మా ముదీర్‌ను, అదే మేనేజర్‌ను, బతిమాలి సెలవు తీసుకుని బయల్దేరాను. షార్జా చేరేదాకా ట్రాఫిక్‌లో మాటలు పేర్చుకుంటూనే ఉన్నాను.

తీరా వెళ్తే మా ఆవిడ తలుపు దగ్గరే ఏడుస్తోంది. వంట చేసేటప్పుడు చేతులు ఖాళీ ఉండవని, తనకొచ్చే మెసేజ్‌లు పైకి చదివేలా హాల్లో ట్యాబ్‌ను సెట్ చేసింది నేనే. పాప దాని ముందు బొమ్మ గీసుకుంటోందట. మా ఆవిడ వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చేలోపు అది అంతా చదివేసింది, 'పాపకు చెప్పకు'తో సహా. చేసింది నేనే. ఎవర్ని తిట్టను?

పాప ఏడవడం లేదు. ట్యాబ్‌ను గోడవైపు తిప్పేసి, తన పక్కన ఒక కుర్చీ వేసి ఉంచింది. ఆవిడ నేర్పినది మా పిల్లకు వంటబట్టింది, అంతమాత్రం నాకు మిగిలింది.

"అది చెప్పేసింది డాడీ. ఇప్పుడు నువ్వు చెప్పు," అంది.

కూర్చున్నాను. దారంతా పేర్చుకున్న మాటలు వదిలేసి, "సిస్టర్ గారు పోయారమ్మా," అని మాత్రం చెప్పాను. పాప నా చెయ్యి పట్టుకుని, నా ముఖంలోకి చూస్తూ ఉండిపోయింది.