చుక్క కారదు

ఆ దర్జీని వీధిలో అందరూ 'చుక్కకారదు' అనేవారు. వాన కోట్లు, లారీల మీద కప్పే టార్పాలిన్లు కుట్టేవాడు. ఏది కుట్టినా చేతికిస్తూ ఆ ఒక్క మాటే చెప్పేవాడు. అదే పేరై కూర్చుంది. అతని వంటింట్లో కుళాయి మాత్రం ఏడాదిగా కారుతోంది. ఆ సంగతి ఇంట్లో ఎవరూ ఎత్తరు.

అతని బావమరిది సైన్యంలో కవచ వాహనం నడుపుతాడు. ఎండల్లో ఆ ఇనుప పెట్టెలో మనిషి ఉడికిపోతాడు. డబ్బాలో నీళ్లు గొంతు కాలుస్తాయి. బండి బయట గాలికి వేలాడదీయడానికి ఒక గుడ్డ నీళ్లసంచి కుట్టిమ్మని అతను బావను అడిగాడు. అది పనికొస్తే దళంలో బండ్లన్నిటికీ బావ చేతే కుట్టిస్తారు.

దర్జీ మందపాటి కాన్వాసు తీసుకున్నాడు. జంట కుట్లు వేశాడు. ఎవరూ అడగకుండానే లోపలా బయటా మైనం పట్టించాడు. నీళ్లు పోసి, మూతి బిగించి, తలకిందులు చేసి చూపించాడు.

కొన్నాళ్లకు బావమరిది సంచితో తిరిగొచ్చాడు. దాన్ని కుట్టుమిషను పక్కన పెట్టి నింపాదిగా కూర్చున్నాడు.

"సంచికి వంక పెట్టలేం బావా. కాకపోతే మావాళ్లు టీ పొడి కూడా నిన్నే పంపమంటున్నారు."

దర్జీ నవ్వలేదు. తడి గుడ్డకు గాలి తగిలితేనే లోపలి నీళ్లు చల్లబడతాయని, మైనం ఆ తడిని బయటికి రానివ్వడం లేదని బావమరిది విడమరిచి చెప్పాడు.

"అంటే కారే సంచి కుట్టమంటావు. నన్ను."

"కారడం కాదు బావా, చెమర్చడం."

"పేరు మారిస్తే నీళ్లు ఆగుతాయట్రా?"

బండ్లు ఎడారికి బయల్దేరబోతున్నాయి. ఈలోగా సంచి రాకపోతే పై వీధి దర్జీని అడుగుతామన్నాడు బావమరిది. ఆయనకైతే ఏమీ చెప్పనక్కర్లేదు, ఆయన కుట్టినవి ఎలాగూ కారతాయి.

ఆ మాట పనిచేసింది. మైనం లేని సంచి తయారైంది. దర్జీ దాన్ని నింపి, పరీక్షకని దుకాణం గుమ్మానికి వేలాడదీశాడు.

దారిన పోయేవాళ్లంతా ఆగి, సంచి కారుతోందని మర్యాదగా చెప్పారు. అది చెమర్చడమని పాలవాడికి చెప్పాడు. పంతులమ్మకు చెప్పాడు. మంగలి దాకా వచ్చేసరికి గొంతు బొంగురుపోయింది. మంగలి నమ్మలేదు. ఒక గ్లాసు తాగి, ఇంకో గ్లాసు పట్టాడు. మధ్యాహ్నం సగం గడ్డం గీసిన మనిషిని వెంటబెట్టుకొని మళ్లీ వచ్చాడు.

సంచి ఎడారికి వెళ్లింది. నాలుగు రోజులకు బావమరిది ఫోన్ చేశాడు. ప్రతిదానికీ పెదవి విరిచే ఫిరంగి పేల్చే మనిషి సంచి ఎత్తి నోటికి పట్టుకుంటే, మిగతావాళ్లు లాక్కోవలసి వచ్చిందట. బండ్లన్నిటికీ కుట్టమన్నారు.

దర్జీ లోపలికి వెళ్లి భార్యకు అంతా చెప్పాడు. చెమర్చడం ఎంత సూక్ష్మమైన పనో, ప్రతి చేతికీ ఎందుకు రాదో రెండుసార్లు చెప్పాడు. ఆమె చివరిదాకా విన్నది.

"సంతోషం. వంటింట్లో కుళాయి కూడా ఏడాదిగా చెమరుస్తోంది. కాస్త చూడండి."