తెరతో తగువు పెట్టుకునే మాస్టారు

కరెంటు పని నేర్పే శిక్షణ కేంద్రంలో వైరింగ్ మాస్టారికి ఒకే ఒక్క జబ్బు ఉండేది: వీడియో పాఠాన్ని సాఫీగా సాగనివ్వరు. తెరమీది మనిషి పట్టుమని పది మాటలు మాట్లాడాడో లేదో, "ఆగు నాయనా!" అని అరిచి వీడియో ఆపేసేవారు. ఆపి ఊరుకోకుండా ఆ మనిషినే నిలదీసేవారు.

"ఆ ఎర్ర తీగ అక్కడెందుకు పెట్టావు? నీ ఇష్టమేనా? మళ్లీ చెప్పు!"

వీడియో వెనక్కి జరిపితే పాపం ఆ తెరమీది మనిషి మళ్లీ అదే చెప్పేవాడు. మాస్టారు నుదురు కొట్టుకుని, "ఓహో, అందుకా! ముందే చెప్పొచ్చుగా," అని కసిరేవారు. పన్నెండు నిమిషాల పాఠం మూడు రోజులు నడిచేది.

ప్రాణం మీదికొచ్చింది కంప్యూటర్ మేడమ్‌కి. ఆ శిక్షణ కేంద్రంలో ఆన్‌లైన్ పాఠాలు పెట్టించింది ఆవిడే. ఎన్నో సైట్లు గాలించి, చేతిపని నేర్చుకునేవాళ్లకు పనికొచ్చే పాఠాలు నలభై ఏరింది. పరీక్ష పదిహేను రోజుల్లో ఉంది. మాస్టారు ఇంకా పదకొండో పాఠం దగ్గరే పోట్లాడుతున్నారు.

"మెట్ల కింద ఒక స్విచ్, పైన ఒక స్విచ్ అన్నావు. బాగుంది. రెండూ వేస్తే దీపం రెండింతలు వెలుగుతుందా?"

క్లాసంతా పగలబడి నవ్వింది. వెనక బల్ల మీది అత్త కూడా నవ్వింది. బట్టల ఫ్యాక్టరీ మూతపడ్డాక, యాభై ఏళ్ల వయసులో ఈ పని నేర్చుకోవడానికి వచ్చిందావిడ. అందరూ అత్త అనే పిలిచేవారు. పరీక్ష గట్టెక్కితే ఒక హాస్టల్లో మరమ్మతుల ఉద్యోగం ఖాయం, తప్పితే అదీ లేదు.

ముప్ఫై ఏళ్ల అనుభవం పెట్టుకుని ఇంత చిన్న సంగతి తెలియదా అని మేడమ్‌కి తల కొట్టేసినట్టయింది.

మర్నాడు మాస్టారికి పంటినొప్పి. ఇదే అదనని మేడమ్ నాలుగు పాఠాలు ఆపకుండా చూపించేసింది. "అర్థమైందా?" అంటే కుర్రకారంతా "ఓ!" అన్నారు. అత్త మాత్రం పుస్తకం సంచిలో పెట్టుకుని దగ్గరికొచ్చింది.

"రేపట్నుంచి రానమ్మా. నాకు బుర్రకెక్కట్లేదు."

"అదేంటండీ, నిన్నటిదాకా బాగానే చేశారుగా?"

"నిన్నటిదాకా మాస్టారికీ అర్థమయ్యేది కాదుగా! ఆయన అడిగేవారు, నేను వినేదాన్ని. నేనే అడిగితే నవ్వుతారమ్మా. మొదటివారం నవ్వారు."

ఆవిడని బతిమాలి ఒప్పించి, మేడమ్ నేరుగా మాస్టారింటికి వెళ్లింది. ఆయన బుగ్గకు గుడ్డ కట్టుకుని కూర్చున్నారు.

"మాస్టారూ, ఆ స్విచ్చుల సంగతి మీకు నిజంగా తెలీదా?"

"మన బిల్డింగులో మెట్ల దీపం పెట్టింది నేనేనమ్మా."

"మరి ఆ వెర్రి ప్రశ్నలేంటండీ?"

"అత్త పెన్ను కింద పెట్టేసిందంటే ఎక్కడో చిక్కుకున్నట్టు. అప్పుడు నేనాపుతా. నన్ను చూసి నవ్వితే నాకేం పోయింది? ఆవిడతో మాత్రం అనకమ్మా."

మేడమ్‌కి సిగ్గేసింది. ఆ మనిషి మీద చెప్పలేనంత ఇష్టం కూడా కలిగింది. మర్నాటి నుంచి క్లాసులో "ఆగు నాయనా" అనేవాళ్లు ఇద్దరయ్యారు.

పరీక్ష రోజు అత్త బోర్డు మీద తీగలు బిగించి కింది స్విచ్ వేసింది. దీపం వెలిగింది. పై స్విచ్ వేసింది. ఆరింది. పరీక్ష పెట్టడానికి వచ్చిన ఇంజనీరు తల పంకించి, పాసని సంతకం పెట్టాడు.

బయట గుమ్మం దగ్గర గోళ్లు కొరుక్కుంటూ నిలబడ్డ మాస్టారిని చూస్తే అత్తకు జాలేసింది.

"మీరేం దిగులు పడకండి మాస్టారూ. తీరిక చేసుకుని నా దగ్గరికి రండి. ఆ స్విచ్చుల సంగతి మీకు అర్థమయ్యేలా నేను చెప్తాను."

మేడమ్ నోరు తెరవబోయింది. మాస్టారు కళ్లతోనే వారించి, "రేపు ఎన్నింటికి రమ్మంటారు?" అని బుద్ధిగా అడిగారు.