సూది మీద పావలా

దిల్‌సుఖ్‌నగర్ బస్టాపులో రికార్డు ప్లేయర్ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. పక్కనున్న పెద్దాయన, సూదిని మోసే కడ్డీకి టేపుతో అంటించిన బిళ్లను చూశాడు.

“గీ పావలా ఎవరు పెట్టిన్రు సార్?”

“మా ఆవిడండి. రెండో చరణంలో సూది ఇరుక్కుంటుంది. ఇది పెట్టినా అంతే. వంటింట్లోంచి తనే వచ్చి జరపాలి.”

“బరువెక్కువైతే రికార్డు అరుగుతది.”

పావలా ఊడదీసి నా చేతిలో పెట్టాడు. కడ్డీ గాలిలో సమంగా తేలేదాకా వెనకనున్న గుండును తిప్పి, మళ్లీ కొంచెం ముందుకు జరిపాడు.

“ఇగ ఇరుక్కోదు. మేడంకు చెప్పుండ్రి.”

చెప్తానన్నాను. ఆమె పోయి అప్పటికి నెల. ఎల్బీనగర్ బస్సు రాగానే ఆయన వెళ్లిపోయాడు.

ఇంటికొచ్చి రికార్డు పెట్టాను. రెండో చరణం రాగానే అలవాటుగా వంటింటి వైపు చూశాను. పాట ఆగకుండా సాగిపోయింది.